ఒకే డిస్కు మీద మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: హన్మకొండ డీటీపీ షాపులో పార్టిషన్లు సర్దిన డైరీ

శుక్రవారం రాత్రి

హన్మకొండ చౌరస్తా పక్క సందులో మా మేనమామ డీటీపీ షాపు నడుపుతాడు. అందులోని పాత డెస్క్‌టాప్‌కు 500 జీబీ హార్డ్ డిస్కు ఒక్కటే ఉంది, దాని మీద మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి. విండోస్ 7లో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు ఉన్నాయి. ఏళ్ల తరబడి చేసిన పెండ్లి కార్డులు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు అన్నీ ఆ ఫైళ్లలోనే ఉన్నందువల్ల దానిని తీసివేయడానికి వీలు లేదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది కాబట్టి, దానిని ఇంటర్నెట్‌కు కలపకుండా కేవలం కంపోజింగ్ పనికే వాడుతున్నాం. జీఎస్టీ బిల్లులు, మెయిళ్లు, ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్లకు పంపే ఫైళ్లు విండోస్ 10లో నడుస్తాయి. మూడవదైన ఉబుంటు 22.04 అనే లినక్స్‌ను నేను ఎక్కించుకున్నాను.

షాపు అటక మీద కట్టలు కట్టి ఉంచిన పాత ముద్రణ ప్రతులను స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలను గుర్తించే (ఓసీఆర్) టెసరాక్ట్ ప్రోగ్రాం సాయంతో వాటిని వెతకడానికి వీలయ్యే తెలుగు పాఠంగా మార్చడం ఉబుంటులో నేను చేస్తున్న పని. అను ఫాంట్లలో కూర్చిన పాఠం యూనికోడ్ కాదు; ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలును తెరిస్తే తెలుగుకు బదులు పొంతన లేని గుర్తులు కనిపిస్తాయి. మరికొన్ని ప్రతులకైతే ఫైలే మిగలలేదు, కాగితమొక్కటే మిగిలింది. ఏ4 పేజీని 300 డీపీఐ వద్ద రంగులలో స్కాన్ చేస్తే 2480 × 3508 పిక్సెళ్లు వస్తాయి, పిక్సెలుకు మూడు బైట్ల చొప్పున కుదించని టిఫ్ ఫైలు ఒక్కొక్కటి 26 ఎంబీ వరకు ఉంటుంది. అలా 612 పేజీలు పూర్తయ్యేసరికి దాదాపు 16 జీబీ అయింది, ఈ రోజు సాయంత్రం 613వ పేజీ దగ్గర డిస్కులో చోటు లేదన్న సందేశం వచ్చి స్కానింగ్ ఆగిపోయింది.

డిస్కును ఏయే భాగాలుగా, అంటే పార్టిషన్లుగా, విడదీశారో చెప్పే పట్టికను కాగితం మీద రాసుకున్నాను. ఇది పాత తరం బయోస్‌తో తెరుచుకునే మిషను, డిస్కు పట్టిక కూడా ఎంబీఆర్ అనే పాత పద్ధతిది. అందువల్ల ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించి ఉండవు. మొదటిది విండోస్ వాళ్ల 100 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్. రెండవది విండోస్ 7, 100 జీబీ. మూడవది విండోస్ 10, 120 జీబీ. నాలుగవది ఆ హద్దును దాటడానికి వాడే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్, దాని కడుపులో నాలుగు లాజికల్ పార్టిషన్లు ఉన్నాయి: ఐదవది 200 జీబీల డీ డ్రైవు, ఆరవది 7.6 జీబీల ఖాళీ పార్టిషన్, ఏడవది 34 జీబీల ఉబుంటు, ఎనిమిదవది 4 జీబీల స్వాప్, అంటే మెమరీ చాలనప్పుడు ఉబుంటు వాడుకునే చోటు. అన్నీ కలిపితే 465.7 వస్తుంది, తయారీదారు లెక్కలో 500 జీబీ అంటే 50,000 కోట్ల బైట్లు, దానిని 1024 చొప్పున మూడుసార్లు భాగిస్తే వచ్చేది ఇంతే, డిస్కు ఎక్కడా తరిగిపోలేదు.

డీ డ్రైవులో 92 జీబీలే నిండి ఉన్నాయి. అంటే 108 జీబీల ఖాళీ పక్కనే పడి ఉండగా ఉబుంటు ఊపిరాడక ఆగిపోయింది. కొత్త డిస్కు కొనడం సులభమే కానీ, ఉన్న డిస్కులో ఇంత చోటు ఉన్నప్పుడు ముందు దానిని సర్దాలని నాకు అనిపించింది. పైగా మూఢం మొదలైంది, పెండ్లి కార్డుల గిరాకీ లేదు. షాపు కంప్యూటరు ఒకటి రెండు రోజులు పక్కకు ఉన్నా నష్టం లేని సమయం ఏడాదిలో ఇదే.

శనివారం

పొద్దున షాపు తెరవగానే మామకు ప్రణాళిక చెప్పాను. ఆయన చివరిదాకా విని ఒకే ప్రశ్న అడిగాడు: "సోమవారం పొద్దుగాల నా పాత ఫైళ్లు తెరుచుకుంటయా, లేదా? గది చెప్పు ముందు." దానికి జవాబు చెప్పడానికే ఈ రోజు మొత్తం సరిపోయింది.

మొదట డిస్కు ఆరోగ్యం చూశాను. డిస్కు తన స్థితిని తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలలో రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై, బదులు వేరేవి వాడుతున్న గడులు) సున్నా, పెండింగ్ సెక్టార్లు (పాడైనట్టు అనుమానం ఉన్నవి) సున్నా అని ఉన్నాయి. పెండింగ్ సెక్టార్లు ఒక్కటి ఉన్నా ఈ పని ఇక్కడితో ఆపి, డేటాను వేరే డిస్కుకు తీసి పెట్టడమే సరైనదని నా అభిప్రాయం. ఎందుకంటే పార్టిషన్‌ను జరపడమంటే దానిలోని ప్రతి బ్లాకునూ చదివి మరోచోట రాయడం, బలహీనమైన డిస్కు సరిగ్గా ఆ పనిలోనే చెయ్యి ఇస్తుంది.

తరువాత బ్యాకప్. డీ డ్రైవులోని 92 జీబీలను యూఎస్‌బీ ద్వారా బయటి డిస్కుకు కాపీ చేయడానికి రెండు గంటలకు కొంచెం ఎక్కువే పట్టింది, పాత పోర్టులు కావడం ఒక కారణం, వేల కొద్దీ చిన్న ఫైళ్లు ఉండడం మరొక కారణం. ఉబుంటు పార్టిషన్‌ను క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాంతో ఇమేజ్‌గా, అంటే మొత్తానికి ఒక నకలుగా, తీశాను. ఎస్ఎఫ్‌డిస్క్ ఆదేశంతో పార్టిషన్ పట్టికను ఒక చిన్న టెక్స్ట్ ఫైలుగా పెన్ డ్రైవులో దాచాను. అంతటితో ఆగకుండా ప్రతి పార్టిషన్ ఏ సెక్టారు వద్ద మొదలై ఏ సెక్టారు వద్ద ముగుస్తుందో పెండ్లి కార్డు అట్ట వెనుక పెన్నుతో రాశాను. పట్టిక చెరిగిపోయినా డేటా తన చోటనే ఉంటుంది, మొదలు ఎక్కడో తెలిస్తే దానిని మళ్లీ చేరుకోవచ్చు.

అసలు ఆలోచించవలసిన సంగతి ఆ తరువాత వచ్చింది. ఎంబీఆర్ డిస్కు మీద విండోస్ బూట్ వివరాలు ఒక పార్టిషన్‌ను దాని పేరుతోనో వరుస సంఖ్యతోనో గుర్తు పెట్టుకోవు. డిస్కు సంతకాన్ని (డిస్కు గుర్తింపు సంఖ్యను), ఆ పార్టిషన్ మొదలయ్యే స్థానాన్ని కలిపి గుర్తు పెట్టుకుంటాయి. డ్రైవు అక్షరాలకూ అదే లెక్క. డీ డ్రైవు మొదలును ఒక్క సెక్టారు జరిపినా విండోస్ దానిని కొత్త డ్రైవుగా భావించి వేరే అక్షరం ఇవ్వవచ్చు. అలా జరిగితే పేజ్‌మేకర్ ఫైళ్లలో డీ డ్రైవు దారితో కలిపి ఉన్న వినాయకుడి బొమ్మలు, అంచుల డిజైన్లు, ఫొటోలు అన్నీ లింకు తెగి కూర్చుంటాయి. మామ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. కాబట్టి నియమం ఒకటి పెట్టుకున్నాను: విండోస్‌కు సంబంధించిన ఏ పార్టిషన్ మొదలునూ ముట్టుకోవద్దు, డీ డ్రైవును కుడి చివర నుండి మాత్రమే కుదించాలి. ఉబుంటు తన పార్టిషన్లను యూయూఐడీ అనే ప్రత్యేక గుర్తింపు సంఖ్య ద్వారా వెతుక్కుంటుంది; అది ఫైల్ సిస్టమ్ లోపలే రాసి ఉంటుంది కాబట్టి పార్టిషన్ ఎక్కడికి జరిగినా వెంటే వెళ్తుంది.

డీ డ్రైవును కుదించే పని విండోస్ 10లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయాలని నిర్ణయించుకున్నాను. డీ డ్రైవులోని ఎన్‌టీఎఫ్ఎస్ విండోస్ సొంత ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లను డిస్కు మీద అమర్చే పద్ధతి, దానిని విండోస్ సాధనమే కుదించడం నాకు నమ్మకంగా ఉంటుంది. అంతకుముందు ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపాలి. విండోస్ 8 నుండి వచ్చిన ఈ సదుపాయం షట్‌డౌన్ నొక్కినప్పుడు కంప్యూటరును పూర్తిగా ఆపకుండా సగం నిద్రలో ఉంచుతుంది, డీ డ్రైవు కూడా ఆ నిద్రలో విండోస్ 10 చేతిలోనే ఉండిపోతుంది. ఉబుంటులో డీ డ్రైవు చదవడానికే తెరుచుకుని రాయడానికి ఒప్పుకోకపోవడం నేను చాలాసార్లు చూశాను, కారణం ఇదే. పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో ఈ నిద్రకు ఆధారమైన హైబర్నేషన్‌ను పూర్తిగా తీసివేసి, డీ డ్రైవు మీద తప్పులు వెతికే చెక్‌డిస్క్ నడిపి, కుదించే పెట్టెను తెరిచాను.

108 జీబీల ఖాళీ ఉంటే విండోస్ కుదించనిస్తానన్నది 19,300 ఎంబీ మాత్రమే. ఇక్కడ చాలామంది విసిగి మరో సాధనం వెతుక్కుంటారు, కానీ కారణం విండోస్ తానే రాసి పెడుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి, డీఫ్రాగ్ పేరుతో ఉన్న 259 నంబరు ఈవెంట్‌ను చూస్తే, జరపడానికి వీలు లేని చివరి ఫైలు ఏదో అందులో పేరుతో సహా ఉంటుంది. నా విషయంలో అది పేజ్‌ఫైల్, మెమరీ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే ఫైలు. సీ డ్రైవులో చోటు మిగులుతుందని ఎవరో ఎప్పుడో రెండు విండోస్‌ల పేజ్‌ఫైళ్లనూ డీ డ్రైవుకు మార్చారు, రెండూ ఒకే ఫైలును వంతులవారీగా వాడుకుంటున్నాయి. అది డ్రైవులో 180 జీబీల గుర్తు దగ్గర గుండు రాయిలా కూర్చుని ఉంది. విండోస్ 10లో దానిని సీ డ్రైవుకు మార్చి రీస్టార్ట్ చేశాను. విండోస్ 7లోకి వెళ్లి అక్కడ కూడా మార్చాను, లేకపోతే అది తెరిచిన మరుక్షణం ఫైలు మళ్లీ పుడుతుంది. డీ డ్రైవు మీద సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపి, పాత రీస్టోర్ పాయింట్లను తీసివేశాను. మూడవసారి చూసేసరికి 91,000 ఎంబీ దాటి చూపించింది. నాకు కావలసింది 71,680, అంటే సరిగ్గా 70 జీబీ. నొక్కిన కొన్ని నిమిషాలకు డీ డ్రైవు 130 జీబీలకు కుదిరింది, 38 జీబీల ఖాళీ దానికీ మిగిలింది.

ఖాళీ అయిన చోట విండోస్‌లోనే ఏదైనా కొత్తగా సృష్టించబోతే, కొన్ని అమరికలలో డిస్కును డైనమిక్ అనే విండోస్ సొంత పద్ధతికి మార్చమంటావా అని అడుగుతుంది. లినక్స్ ఉన్న డిస్కు మీద దానికి ఎన్నడూ ఒప్పుకోకూడదు. నేను ఆ చోటును అలాగే వదిలి విండోస్‌ను మూసివేశాను.

సాయంత్రానికి ముసురు పట్టింది. షాపు యూపీఎస్ పది నిమిషాలకు మించి ఆగదు. మిగిలిన పనిని తెల్లవారుజాముకు వాయిదా వేసి, మామ ఇంటి ఇన్వర్టరును ఆటోలో షాపుకు తెప్పించాను.

ఆదివారం

ఐదు గంటలకు షట్టర్ సగం ఎత్తి లోపల కూర్చున్నాను. పార్టిషన్లు సర్దే జీపార్టెడ్ లైవ్ ఉన్న పెన్ డ్రైవుతో కంప్యూటరు తెరిచాను. ఉబుంటు నడుస్తూ ఉండగా దాని సొంత పార్టిషన్‌ను జరపడం సాధ్యం కాదు. ఉబుంటు ఫైల్ సిస్టమైన ఎక్స్‌ట్4ను కుడివైపుకు పెంచడమైతే నడుస్తుండగానే చేయవచ్చు, కుదించడానికీ ఎడమకు జరపడానికీ మాత్రం దానిని పూర్తిగా దించి ఉంచాలి.

జీపార్టెడ్‌లో రెండు పనులు వరుసలో పెట్టాను. ఆరవదైన 7.6 జీబీల పార్టిషన్‌ను తొలగించడం మొదటిది. ఒకప్పుడు డ్రైవర్ల కోసం చేసిన ఆ పార్టిషన్‌లో ఇప్పుడు ఒక్క ఫైలూ లేదు, తెరిచి రెండుసార్లు చూసుకున్నాను. ఉబుంటు మొదలును డీ డ్రైవు చివర వరకు ఎడమకు లాగి, పార్టిషన్‌ను 111.6 జీబీలకు పెంచడం రెండవది. ఎక్స్‌టెండెడ్ పెట్టెను ముట్టుకునే అవసరం రాలేదు, కదిలేవన్నీ దాని లోపలివే. అప్లై నొక్కే ముందు, పార్టిషన్‌ను జరిపితే ఆపరేటింగ్ సిస్టమ్ తెరుచుకోకపోవచ్చని జీపార్టెడ్ హెచ్చరించింది. యూయూఐడీ మారదు కదా అన్న ధీమాతో ముందుకు వెళ్లాను.

కరెంటు పోతే ఏమవుతుందన్న దాని గురించి రాత్రంతా లెక్క వేసుకున్నాను, అది ఇక్కడ రాయడం అవసరం. 34 జీబీల పార్టిషన్ 77.6 జీబీల దూరం జరుగుతోంది, అంటే కొత్త చోటు, పాత చోటు ఒకదాని మీద ఒకటి పడవు. కాపీ మధ్యలో ఆగిపోయినా పాత చోటులోని డేటా చెక్కుచెదరకుండా ఉంటుంది, అట్ట మీద రాసుకున్న పాత సెక్టారు సంఖ్యలతో పట్టికను వెనక్కు తెచ్చుకోవచ్చు. అదే పార్టిషన్‌ను పది జీబీలు మాత్రమే జరిపి ఉంటే, కొత్త ప్రతి పాత ప్రతి మీదనే రాయబడుతూ పోతుంది; మధ్యలో ఆగితే సగం పాతది, సగం కొత్తది మిగిలి రెండూ పనికిరాకుండా పోతాయి. తక్కువ దూరం జరపడమే ఎక్కువ ప్రమాదమన్న ఈ సంగతి నాకు ఈ పనిలోనే తెలిసివచ్చింది.

ఫైల్ సిస్టమ్ తనిఖీ, కాపీ, మళ్లీ తనిఖీ, పెంచడం, అన్నీ కలిపి 41 నిమిషాలు పట్టింది. కరెంటు పోలేదు. చివర ఆకుపచ్చ గుర్తులు చూసి పెన్ డ్రైవు తీసి రీస్టార్ట్ చేశాను.

ఏ ఆపరేటింగ్ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ అనే ప్రోగ్రాం మెనూ రాలేదు. నల్లటి తెర మీద ఫైల్ సిస్టమ్ తెలియదన్న ఒక్క వాక్యం, దాని కింద గ్రబ్ రెస్క్యూ అనే ప్రాంప్టు, మెరుస్తున్న కర్సరు కనిపించాయి. ఉబుంటు ఒక్కటే కాదు, రెండు విండోస్‌లకూ దారి ఆ మెనూ గుండానే ఉంది.

కారణం వెతకడానికి అట్ట మీది పాత పట్టికనే చూశాను. లాజికల్ పార్టిషన్లు గొలుసు కట్టు వంటివి. ఐదు నుండి మొదలయ్యే వాటి సంఖ్యలు ఎక్కడా రాసి ఉండవు, గొలుసులో ఎన్నవ కడియమో అదే సంఖ్య. మధ్యలోని ఆరవ కడియాన్ని నేను తీసివేయగానే ఏడవదైన ఉబుంటు ఆరవది అయింది, ఎనిమిదవదైన స్వాప్ ఏడవది అయింది. గ్రబ్ మొదటి భాగం డిస్కు ఆరంభంలో, పార్టిషన్లకు ముందున్న ఖాళీలో ఉంటుంది. తన మిగిలిన భాగాలు ఏడవ పార్టిషన్‌లో ఉన్నాయని దానిలో రాసి ఉంది. అది చెప్పినట్టే ఏడవ పార్టిషన్‌కు వెళ్లింది, అక్కడ స్వాప్ కనిపించింది, స్వాప్ ఫైల్ సిస్టమ్ కాదు కాబట్టి తెలియదని నిజమే చెప్పింది. విండోస్ స్థానాన్ని చూస్తుందని, ఉబుంటు యూయూఐడీని చూస్తుందని లెక్క వేసుకున్న నేను, వీటన్నింటికంటే ముందు నిద్ర లేచే గ్రబ్ వరుస సంఖ్యను చూస్తుందని లెక్కలోకి తీసుకోలేదు.

డేటా ఎక్కడికీ పోలేదని తెలిసిన తరువాత దారి కష్టం కాలేదు. ఎల్ఎస్ అని కొట్టగానే పార్టిషన్ల వరుస కనిపించింది. ఆరవ దాని పేరు చివర గీత పెట్టి మళ్లీ ఎల్ఎస్ కొడితే బూట్, హోమ్, యూఎస్ఆర్ అన్న ఫోల్డర్లు కనిపించాయి, అదే ఉబుంటు. సెట్ ఆదేశంతో ప్రిఫిక్స్‌ను (గ్రబ్ తన భాగాలను వెతికే దారిని) ఆరవ పార్టిషన్‌లోని బూట్ ఫోల్డరు లోపలి గ్రబ్ ఫోల్డరుకు, రూట్‌ను ఆరవ పార్టిషన్‌కు మార్చాను. ఇన్స్‌మాడ్ ఆదేశంతో నార్మల్ అనే మాడ్యూలును ఎక్కించి, నార్మల్ అని కొట్టగానే మెనూ తెర మీదకు వచ్చింది. అక్కడి నుండి ఉబుంటు మామూలుగానే తెరుచుకుంది, మెనూ ఫైలు లోపల యూయూఐడీలే ఉన్నాయి కాబట్టి.

ఆ నాలుగు ఆదేశాలూ ఒక్క పూటకే పనికి వస్తాయి, రీస్టార్ట్ చేస్తే పాత సంఖ్యే మళ్లీ వస్తుంది. అందుకని ఉబుంటు లోపల గ్రబ్ ఇన్‌స్టాల్ ఆదేశాన్ని మళ్లీ నడిపాను. దానికి ఇవ్వవలసింది మొత్తం డిస్కు పేరు, పార్టిషన్ పేరు కాదు. మెనూను తిరిగి తయారు చేసే ముందు మరొక జాగ్రత్త తీసుకున్నాను. గ్రబ్ 2.06 నుండి ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్‌ను మొదటి నుండీ ఆపి ఉంచుతున్నారు, దానిని తెరిచే వరుసను సెట్టింగుల ఫైలులో రాయకపోతే మెనూలో విండోస్ కనిపించకుండా పోయే అవకాశం ఉంది. ఆ వరుస రాసి అప్‌డేట్ గ్రబ్ నడిపితే విండోస్ పేరుతో ఒకే ఎంట్రీ వచ్చింది. అది తప్పు కాదు. రెండు విండోస్‌లకూ బూట్ మేనేజరు ఒక్కటే, మొదటి పార్టిషన్‌లో ఉంటుంది, 7 కావాలా 10 కావాలా అని అదే అడుగుతుంది.

మూడింటినీ రెండేసిసార్లు తెరిచి మూశాను. ఉబుంటులో ఖాళీ లెక్క నేను అనుకున్నదానికంటే ఐదున్నర జీబీలు తక్కువగా చూపింది. ఎక్స్‌ట్4 తన పరిమాణంలో 5 శాతాన్ని రూట్ అనే నిర్వాహక ఖాతా వాడుకకు అట్టిపెడుతుంది. 34 జీబీలలో అది పెద్దగా తెలియలేదు, 111 జీబీలలో కొట్టొచ్చినట్టు కనిపించింది. ట్యూన్2ఎఫ్ఎస్ ఆదేశంతో దానిని 1 శాతానికి తగ్గించాను.

సోమవారం

మామ తొమ్మిదిన్నరకు వచ్చి, ఏమీ అనకుండా విండోస్ 7 తెరిచి, ఆరేళ్ల కిందటి పెండ్లి కార్డు ఒకటి పేజ్‌మేకర్‌లో తెరిచాడు. లింక్స్ మేనేజర్‌లో ఒక్క బొమ్మ దగ్గర కూడా ప్రశ్నార్థకం లేదు. మరో నాలుగు ఫైళ్లు తానే ఏరి చూసుకున్న తరువాత "మంచిది" అని కుర్చీ ఖాళీ చేశాడు.

కొత్త సెక్టారు సంఖ్యలతో మరొక అట్ట రాసి, పాత దానితో కలిపి సీపీయూ క్యాబినెట్ లోపలి వైపు టేపుతో అంటించాను. బయటి డిస్కులోని బ్యాకప్‌ను ఇంకో నెల వరకు చెరపను. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఉబుంటు తెరిచి 613వ పేజీని స్కానరు గాజు మీద పెట్టాను.